రాకెట్ ఫొటో పక్కన షేర్ల సంఖ్య కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక బిజినెస్ పేజీలో ఈమధ్య శాటిలైట్ కంపెనీల వార్తలు తరచుగా కనిపిస్తున్నాయి. టవర్ లేని చోట కూడా మామూలు ఫోన్‌కే ఆకాశం నుంచి సిగ్నల్ అందుతుందని, ఫలానా కంపెనీ షేరు ఏడాదిలో ఇన్ని రెట్లయిందని రాస్తున్నారు. పైన నిప్పులు చిమ్ముతూ లేచే రాకెట్ ఫొటో ఒకటి ఉంటుంది. ఆ వార్తలు నేను ఒక్కటీ వదలకుండా చదువుతాను. నా ఉద్యోగమంతా శాటిలైట్ గ్రౌండ్ స్టేషన్‌లోనే గడిచింది. రిటైరయ్యాక ఈ కంపెనీల వార్షిక నివేదికలు చదవడం అలవాటుగా మారింది. మీ వార్తల్లో తప్పులున్నాయని ఈ ఉత్తరం రాయడం లేదు. చిన్న మదుపరికి అన్నిటికంటే అవసరమైన అంకె ఒకటి వాటిలో ఎప్పుడూ కనబడటం లేదు. ఆ కంపెనీకి ఇప్పుడు మొత్తం ఎన్ని షేర్లున్నాయి, రెండేళ్ల కిందట ఎన్ని ఉండేవి అన్నదే ఆ అంకె.

దీనికింత ప్రాధాన్యం ఎందుకంటారా? గ్లోబల్‌స్టార్ కథ చూడండి. ఐఫోన్‌లో సిగ్నల్ లేని చోట నుంచి శాటిలైట్ ద్వారా అత్యవసర సందేశం పంపే సౌకర్యం ఉంది కదా, దాని వెనక ఉన్న కంపెనీ ఇదే. 1998 సెప్టెంబరులో బైకనూర్ నుంచి లేచిన ఒక్క జెనిట్ రాకెట్ కూలిపోవడంతో ఈ కంపెనీకి చెందిన 12 ఉపగ్రహాలు ఒకేసారి పోయాయి. అయినా నెట్‌వర్క్ పూర్తి చేసింది. కానీ చందాదారులు అనుకున్నంతమంది రాలేదు, అప్పు తలకు మించింది, 2002లో దివాలా పిటిషన్ వేసింది. తర్వాత థర్మో అనే సంస్థ 4.3 కోట్ల డాలర్లకు దాన్ని చేజిక్కించుకుని, 2006 నవంబరులో షేరు 17 డాలర్ల చొప్పున మళ్లీ మార్కెట్లోకి తెచ్చింది. కొన్ని నెలలకే, 2007లో, పైనున్న ఉపగ్రహాల్లో ఫోన్లకు సిగ్నల్ పంపే ఎస్ బ్యాండ్ యాంప్లిఫయర్లు (సిగ్నల్‌ను బలపరిచే పరికరాలు) అనుకున్నదానికంటే వేగంగా చెడిపోతున్నాయని కంపెనీయే ప్రకటించాల్సి వచ్చింది. ఫోన్ మాట్లాడటానికి అమ్మిన సేవలో మాటే సరిగా వినబడని పరిస్థితి. 2008 చివరికి షేరు డాలరు కంటే కిందికి పడిపోయింది.

ఆ తర్వాత జరిగిందే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది. కంపెనీ చేతులెత్తేయలేదు. కొత్త ఉపగ్రహాలకు అప్పు తెచ్చింది. 2010 నుంచి 2013 మధ్య 24 పైకి పంపింది. డబ్బు తక్కువైన ప్రతిసారీ కొత్త షేర్లు అమ్మింది, షేర్లుగా మారే బాండ్లు ఇచ్చింది, వారెంట్లు (ముందే ఖరారైన ధరకు తర్వాత షేర్లు కొనుక్కునే హక్కులు) ఇచ్చింది. ఐపీఓ నాడు సుమారు 7 కోట్లున్న షేర్లు 2022 నాటికి 180 కోట్లయ్యాయి. అంటే కంపెనీలో ఒక్కో షేరుకు దక్కే వాటా అంతగా చిక్కిపోయింది. ఆ ఏడాదే యాపిల్ వచ్చింది. కొత్త ఉపగ్రహాల ఖర్చులో 95 శాతం తానే భరించడానికి, బదులుగా నెట్‌వర్క్ సామర్థ్యంలో 85 శాతం తనకు కేటాయించడానికి ఒప్పందమైంది. 2024 నవంబరులో మరో 150 కోట్ల డాలర్లు పెట్టేందుకు సిద్ధపడింది. ఇంతకంటే మంచి వార్త ఒక శాటిలైట్ కంపెనీకి ఏముంటుంది? టెక్నాలజీ గెలిచింది, ప్రపంచంలోకెల్లా పెద్ద కస్టమర్ దొరికాడు.

మరి 2006లో 17 డాలర్లు పెట్టి కొన్నవాడి సంగతి? 2025 ఫిబ్రవరిలో కంపెనీ 15 షేర్లను కలిపి ఒకటి చేసింది. అంటే ఆనాటి మదుపరికి ఇప్పటి ఒక్కో షేరు 255 డాలర్లకు పడినట్టు లెక్క. 2025 మొత్తంలో ఆ షేరు అందులో సగానికి కూడా చేరలేదు. దాదాపు ఇరవై ఏళ్లు ఓపిక పట్టి, కంపెనీ మీద పెట్టుకున్న నమ్మకం నిజమైనా సరే, అసలు కూడా చేతికి రాలేదు. అదే కంపెనీ షేరును 2020లో అర డాలరులోపు కొన్నవాళ్లకు మాత్రం డబ్బు ఎన్నో రెట్లయింది. ఉపగ్రహాలు అవే, యాపిల్ అదే. ఒకరు మునిగారు, ఇంకొకరు తేలారు.

ఇది ఒక్క కంపెనీ విషయమే అయితే ఇంత పొడుగు ఉత్తరం రాసేవాణ్ని కాదు. శాటిలైట్ ఫోన్ కంపెనీ ఇరిడియం కథ ఇంకా తీవ్రమైనది. మోటరోలా అండతో సుమారు 500 కోట్ల డాలర్ల ఖర్చుతో 66 ఉపగ్రహాల నెట్‌వర్క్ తయారైంది. 1998 నవంబరులో సేవ మొదలైంది. 1999 ఆగస్టులో దివాలా. సేవ మొదలుపెట్టిన తొమ్మిది నెలలకే! ఫోన్ ఖరీదు 3,000 డాలర్ల దాకా ఉండేది, అది ఇటుకంత బరువు, పైగా గదిలో కూర్చుని మాట్లాడితే సిగ్నల్ దొరికేది కాదు. ఈలోగా మామూలు సెల్‌ఫోన్ టవర్లు ప్రపంచమంతా పాకిపోయాయి. 2000 చివర్లో ఆ ఆస్తినంతా కేవలం 2.5 కోట్ల డాలర్లకు కొత్తవాళ్లు కొన్నారు. రెండేళ్ల కాలానికి 7.2 కోట్ల డాలర్ల కాంట్రాక్టుతో అమెరికా రక్షణ శాఖ వాళ్ల వెనక నిలబడింది. పాత వాటాదారులకు మిగిలింది సున్నా.

ఇంజనీరుగా నాకు గర్వంగా అనిపించే సంగతి ఏమిటంటే, ఆ మొదటి ఇరిడియం ఉపగ్రహాలు డిజైన్ చేసిన ఆయుష్షు కంటే ఎన్నో ఏళ్లు ఎక్కువ పనిచేశాయి. కొన్ని ఇరవై ఏళ్ల దాకా నడిచాయి. వాటిని తయారుచేసినవాళ్లు తమ పని తాము గొప్పగా చేశారు. ఆ కంపెనీ 2009లో మళ్లీ మార్కెట్లో లిస్టయింది, 2017 నుంచి 2019 లోపు 75 కొత్త ఉపగ్రహాలు పంపింది, ఆ తర్వాత డివిడెండ్ కూడా ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట డబ్బు పెట్టినవాళ్లు నిర్మాణ ఖర్చు మోశారు, తర్వాత వచ్చినవాళ్లు ఫలం అనుభవించారు.

శాటిలైట్ ఇంటర్నెట్ కంపెనీ వన్‌వెబ్‌లోనూ అదే వరస. జపాన్ మదుపు సంస్థ సాఫ్ట్‌బ్యాంక్ లాంటి పెద్ద చేయి ఉండి కూడా, 74 ఉపగ్రహాలు కక్ష్యలో ఉండగానే 2020 మార్చిలో దివాలాకు వెళ్లింది. బ్రిటన్ ప్రభుత్వం, భారతీ సంస్థ చెరో 50 కోట్ల డాలర్లు పెట్టి నిలబెట్టాయి. 2022లో యుక్రెయిన్ యుద్ధం వల్ల రష్యా రాకెట్లు ఆగిపోతే, మన ఇస్రో శ్రీహరికోట నుంచి రెండు ప్రయోగాల్లో 72 ఉపగ్రహాలు పంపి ఆ నెట్‌వర్క్‌ను గట్టెక్కించింది. ఆ రెండు ప్రయోగాలూ చూస్తూ నేను చప్పట్లు కొట్టాను. కానీ 2020కి ముందు డబ్బు పెట్టినవాళ్లకు ఆ చప్పట్లలో వాటా లేదు.

ఇలా ఎందుకు జరుగుతుందో కాస్త వివరంగా చెప్పాలి. గ్రౌండ్ స్టేషన్‌లో వాన పట్టిందంటే సిగ్నల్ బలం చూపే స్పెక్ట్రమ్ అనలైజర్ తెర మీద బీకన్ (ఉపగ్రహం ఎప్పుడూ పంపే గుర్తు సిగ్నల్) లెవెల్ కళ్లముందే జారిపోతుండేది. అప్‌లింక్ (పైకి పంపే సిగ్నల్) పవర్ పెంచి ఎలాగోలా నెట్టుకొచ్చేవాళ్లం. ట్రాన్స్‌మిటర్‌లోని హెచ్‌పీఏ (సిగ్నల్‌ను బలపరిచే పెద్ద యాంప్లిఫయర్) ట్రిప్పయితే స్టాండ్‌బై దానికి మార్చి, చెడినదాన్ని బల్ల మీద పెట్టి విప్పేవాళ్లం. స్పేర్ ఉంటే సాయంత్రానికి అది మళ్లీ ర్యాక్‌లో ఉండేది. కింద ఏది పాడైనా చేయి పెట్టగలిగాం. పైన ఒక యాంప్లిఫయర్ పోతే అక్కడే ఉన్న అదనపుదానికి మార్చమని ఆదేశం పంపగలం, అంతే. ఆ అదనపుది కూడా పోతే ఆ చానల్ ఇక లేనట్టే. పైకి వెళ్లి స్క్రూ బిగించేవాడు లేడు.

అమెరికా శాటిలైట్ ఇంటర్నెట్ కంపెనీ వయాశాట్‌కు జరిగింది గుర్తుందా? 2023 ఏప్రిల్ ఆఖరున పంపిన భారీ ఉపగ్రహం కక్ష్యలోకి చక్కగా చేరింది. రాకెట్ విజయవంతమని వార్తలొచ్చాయి. తీరా పెద్ద యాంటెన్నా విచ్చుకునేటప్పుడు తేడా వచ్చింది. అనుకున్న సామర్థ్యంలో పదో వంతు కంటే తక్కువే దక్కుతుందని తేలింది. జులైలో ఆ సంగతి బయటపడిన రోజు షేరు పావు వంతుకు పైగా పడింది. బీమా ఉంది కాబట్టి కంపెనీ తట్టుకుంది. బీమా అందరికీ ఉండదు. 2024 అక్టోబరులో ఇంటెల్‌శాట్ 33ఇ అనే ఉపగ్రహం కక్ష్యలోనే ముక్కలైపోయినప్పుడు దానికి బీమా లేదు.

ఇక ఫోన్‌కు నేరుగా సిగ్నల్ ఇచ్చే కంపెనీల మీద ఇప్పుడు అందరి కళ్లూ ఉన్నాయి కాబట్టి ఆ సంగతి. మన చేతిలోని ఫోన్ ప్రసారశక్తి వాట్‌లో అయిదో వంతు. ఆ బలహీనమైన పిలుపును అయిదారు వందల కిలోమీటర్ల పైనుంచి వినాలంటే పైనున్న యాంటెన్నా చాలా పెద్దదిగా ఉండాలి. ఏఎస్‌టీ స్పేస్‌మొబైల్ 2022లో పంపిన ప్రయోగాత్మక ఉపగ్రహం బ్లూవాకర్ 3 యాంటెన్నా విస్తీర్ణం 64 చదరపు మీటర్లు. మడతపెట్టి పంపి, పైన విప్పారు. దాని ద్వారా మార్పులేవీ చేయని మామూలు ఫోన్‌తో మాట్లాడి చూపించారు. అది నిజంగా గొప్ప విషయం. కానీ ఒక ఉపగ్రహంతో సేవ నడవదు. కింది కక్ష్యలో తిరిగేది ఒక చోటి నుంచి కొద్ది నిమిషాలే కనబడి వెళ్లిపోతుంది. నిరంతరం సేవ ఇవ్వాలంటే డజన్ల కొద్దీ కావాలి. పైగా 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండే పాత తరహా ఉపగ్రహం 15 ఏళ్ల దాకా నడిస్తే, కిందికక్ష్యలోవి అంత కాలం రావు. స్పేస్‌ఎక్స్ సంస్థ నడిపే స్టార్‌లింక్ వాటి ఆయుష్షు సుమారు అయిదేళ్లు. ఒకసారి కట్టి కూర్చుంటే సరిపోయే వ్యాపారం కాదిది. కట్టడం పూర్తయ్యేలోపే మార్చడం మొదలవుతుంది. 2022 ఫిబ్రవరిలో సౌర తుపాను తాకి, అప్పుడే పంపిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో సుమారు 40 రాలిపోయాయి. సొంత రాకెట్లు, సొంత ఫ్యాక్టరీ ఉన్న సంస్థ కాబట్టి దులుపుకుని లేచింది. అప్పు తెచ్చి అయిదో ఆరో ఉపగ్రహాలు పంపే కంపెనీకి అదే జరిగితే?

ఆ డబ్బంతా ఎక్కడి నుంచి రావాలి? ఆదాయం ఇంకా రాలేదు కాబట్టి అప్పు తేవాలి, లేదా కొత్త షేర్లు అమ్మాలి. ఏఎస్‌టీయే 2024 జనవరిలో 3.10 డాలర్ల చొప్పున కొత్త షేర్లు అమ్మి 10 కోట్ల డాలర్లు సమకూర్చుకుంది. ఏప్రిల్‌లో షేరు 2 డాలర్ల దగ్గరికి జారింది. మేలో అమెరికా ఫోన్ కంపెనీలు ఏటీ అండ్ టీ, వెరిజాన్‌లతో ఒప్పందాలు బయటికొచ్చాయి, ఆగస్టుకల్లా 30 డాలర్లు దాటేసింది. జనవరిలో నిరాశపడి అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు, ఆగస్టులో ఆశపడి కొన్నవాళ్లూ ఉన్నారు. ఇంత పెద్ద లాభం కూడా ఈ రంగంలో నిజమే, దాన్ని నేను కాదనను. కొన్నిసార్లు లాభం ఉపగ్రహంలో కూడా ఉండదు, స్పెక్ట్రమ్‌లో (సిగ్నళ్లకు వాడే రేడియో తరంగాల హక్కులో) ఉంటుంది. 2025 సెప్టెంబరులో ఎకోస్టార్ అనే కంపెనీ తన దగ్గరున్న స్పెక్ట్రమ్‌ను స్పేస్‌ఎక్స్‌కు సుమారు 1,700 కోట్ల డాలర్లకు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఏళ్ల తరబడి వాడకుండా పట్టుకు కూర్చున్నారని విమర్శలు పడ్డ ఆస్తే వాటాదారులకు పంట పండించింది. అయితే స్పెక్ట్రమ్ ఉంటే చాలనుకోవడానికీ లేదు. లైట్‌స్క్వేర్డ్ అనే కంపెనీ దగ్గరా స్పెక్ట్రమ్ ఉండేది. దాని సేవ జీపీఎస్ సిగ్నళ్లకు అడ్డం పడుతుందని అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2012లో అడ్డు చెప్పడంతో నెలల్లోనే దివాలా తీసింది.

ఆ మధ్య మా మేనకోడలు వచ్చి, "మావయ్యా, ఫోన్‌కి నేరుగా శాటిలైట్ సిగ్నల్ వస్తుందంటున్నారు, నిజమేనా?" అని అడిగింది. నిజమేనన్నాను. "అయితే షేరు కొనేయొచ్చన్నమాట" అంది. అవి రెండు వేరువేరు ప్రశ్నలమ్మా అని చెప్పి, తను చూస్తున్న కంపెనీ మూడు నెలల నివేదిక ల్యాప్‌టాప్‌లో తెరవమన్నాను. మొదటి పేజీ అడుగున మొత్తం షేర్ల సంఖ్య ఉంటుంది. రెండేళ్ల కిందటి నివేదిక కూడా పక్కన పెట్టుకుని చూస్తే ఆ సంఖ్య దాదాపు రెట్టింపయింది. తను కాసేపు ఆ రెండు అంకెల వంకా మార్చి మార్చి చూసి, "అంటే కంపెనీ విలువ రెట్టింపయినా నా షేరు ఉన్నచోటే ఉంటుందా?" అంది. అంతే. ఇంకెవరూ చెప్పకుండానే అసలు విషయం పట్టేసింది.

తర్వాత నగదు నిల్వ చూశాం. దాన్ని మూడు నెలలకు అవుతున్న ఖర్చుతో భాగిస్తే, ఉపగ్రహాలన్నీ పైకి వెళ్తాయని కంపెనీ చెబుతున్న తేదీకి చాలా ముందే డబ్బు అయిపోతుంది. అంటే మళ్లీ షేర్లు అమ్మక తప్పదు. షేర్లుగా మారే బాండ్లు ఎన్ని ఉన్నాయో, ఏ ధర దగ్గర మారతాయో నోట్స్‌లో వెతికాం. దొరికాయి, కానీ చాలా లోపల. ఇన్ని దేశాల్లో ఇన్ని టెలికాం సంస్థలతో ఒప్పందం అని గొప్పగా రాసిన చోట, ముందుగా డబ్బు కట్టింది ఎవరు, కేవలం అవగాహన పత్రం మీద సంతకం పెట్టింది ఎవరు అని విడదీసి చూడమన్నాను. కట్టినవాళ్లు తక్కువే. అవగాహన పత్రంతో రాకెట్ టికెట్ కొనలేం.

ఇవన్నీ చూశాక కూడా తను కొంత కొన్నది. నేను వద్దనలేదు. పూర్తిగా పోయినా ఇల్లు గడవడానికి ఇబ్బంది లేనంత డబ్బే పెట్టింది. కంపెనీ మళ్లీ షేర్లు అమ్మినప్పుడు ధర పడుతుందని తెలుసు కాబట్టి అప్పటికని కొంత పక్కన ఉంచుకుంది. అప్పు చేసి కొనేవాళ్లను, పిల్లల చదువు కోసం దాచినదంతా ఇందులో పెట్టేవాళ్లను తలుచుకుంటేనే నాకు టెన్షన్ పట్టుకుంటుంది. వాళ్లలో చాలామంది కొనేది పేపర్లో రాకెట్ ఫొటో చూసిన రోజే. ఆ రోజు ఉత్సాహం మీద ధర ఎక్కువగా ఉంటుంది, సరిగ్గా ఆ ఉత్సాహాన్నే వాడుకుని కంపెనీలు కొత్త షేర్లు అమ్ముతాయి. అది మోసమేమీ కాదు, కంపెనీ బతకాలంటే ధర బాగున్నప్పుడే అమ్ముకోవాలి. కానీ ఆ షేర్లు ఎవరు కొంటున్నారో, ఏ సమాచారంతో కొంటున్నారో పత్రిక పట్టించుకోవాలి కదా.

అందుకే నా విన్నపం. శాటిలైట్ కంపెనీ వార్త వేసినప్పుడల్లా కింద చిన్న పెట్టె ఒకటి కట్టి అందులో మొత్తం షేర్లు ఇప్పుడెన్ని, రెండేళ్ల కిందట ఎన్ని, నగదు ఎంత, మూడు నెలల ఖర్చు ఎంత, అప్పు ఎప్పటికి తీర్చాలి అన్నవి వేయండి. ఎన్ని ఉపగ్రహాలు కావాలో, ఎన్ని పైన పనిచేస్తున్నాయో కూడా. ఇవేవీ రహస్యాలు కావు. అమెరికాలో లిస్టయిన కంపెనీలు మూడు నెలలకోసారి అక్కడి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి ఇచ్చే టెన్-క్యూ అనే నివేదికలో ఉంటాయి, ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. షేర్ల సంఖ్య కోసమైతే పేజీ తిప్పే పని కూడా లేదు, అట్ట మీదే ఉంటుంది.

భవదీయుడు,
విశ్రాంత టెలికాం ఇంజనీరు, మీ పాత పాఠకుడు